వచ్చేపోయేవాళ్ళ చాయ్ పద్దు

జహీరాబాద్,
నవంబరు 2

చిరంజీవి పూజితకు పెద్దబాపు మాణికప్ప ఆశీస్సులతో, కొంచెం కోపంతో రాసేది ఏమంటే,

ఇక్కడ అందరం క్షేమం. నీ అక్టోబరు లెక్క అందింది. ఫోన్లో కళ్ళు చిట్లించి చదవడం నాకు పడదు కాబట్టి జబ్బార్ జిరాక్స్ దుకాణంలో కాగితం మీదికి తీయించాను. ముందు తాను చదివి తర్వాత నాకిచ్చాడు. "నీ బిడ్డ ఆలుగడ్డలు మస్తు తింటున్నది మాణికప్పా" అన్నాడు. ఆలుగడ్డల మీద నాకు అభ్యంతరం లేదు.

మీ నాయన శరణప్ప అల్లం అమ్మిన సొమ్మంతా జర్మనీ బ్యాంకులో వేసి, "అన్నా, నాకు లెక్కలు రావు. పద్దులు నువ్వే రాయి. నువ్వు ఊ అనంది పైస కదలదు" అన్నాడు. నువ్వూ సరేనని పోయావు. ఆ బ్యాంకు కూడా నాలాంటిదే, ఏ నెల సొమ్ము ఆ నెలకే కొలిచి ఇస్తుందట. ఆ పద్ధతి నాకు నచ్చింది.

అద్దె, తిండి, బస్సు, ఫోను, నాలుగు పద్దులూ సరిపోయాయి. ఐదో పద్దు, "వచ్చేపోయేవాళ్ళ చాయ్", నెలకు నలభై యూరోలు. అందులో సున్నా చూపించావు. కిందటి నెలా సున్నాయే. ఖర్చుపెట్టని పద్దు మురిగిపోతుంది బిడ్డా! రాయికోడ్ మండలాఫీసులో ఒక ఏడాది చీపుర్ల పద్దులో డబ్బు మిగిలితే, మార్చి ఆఖరు రోజున ఆఫీసు నిండా చీపుర్లు కొన్నాం. ఎమ్మార్వోగారు కుర్చీ దాకా నడవడానికి దారి లేకపోయింది, అది వేరే సంగతి. పద్దు మాత్రం మురగలేదు.

సంజాయిషీ రాయి.

నీ పెద్దబాపు
మాణికప్ప, విశ్రాంత లెక్కల గుమాస్తా

తా.క.: ఆ చలికి పాలు తోడుకుంటున్నాయా అని మీ పెద్దమ్మ సంగమ్మ అడగమంది. ఇది సంజాయిషీలో కలపకు.

మాగ్డెబర్గ్,
నవంబరు 9

పెద్దబాపుకు నమస్కారాలు.

పాలు తోడుకోవడం లేదు. హీటర్ మీద పెడితే తోడుకుంటున్నాయి, పెద్దమ్మకు చెప్పు.

చాయ్ సున్నా ఎందుకంటే ఇక్కడ ఎవరూ ఊరికే ఒకరింటికి రారు. రావాలంటే మూడు వారాల ముందు తారీకు ఖాయం చేసుకోవాలి. రెండు నెలల్లో నా తలుపు కొట్టింది ఒక్క పోస్టుమనిషి, అదీ పక్కింటి పార్శిల్ ఇవ్వడానికి.

నా కష్టం వేరే ఉంది. నేనుండే వాటా అమ్మేశారు. డిసెంబరు ఆఖరుకు గది ఖాళీ చేయాలి. వేరే గదులకు నెలకు ఎనభై యూరోలు ఎక్కువ అడుగుతున్నారు, అవీ దొరకడం లేదు. గది లేకపోతే చదువు ఆపి వచ్చేయాల్సిందే. కాబట్టి చాయ్ పద్దులోని నలభై అద్దెలోకి మార్చు. మిగతా నలభై తిండిలో తగ్గించుకుంటాను. బాపుకు చెప్పకు, భయపడతాడు.

నీ
పూజిత

తా.క.: నేను కోటు అడగలేదని గమనించు. ఏడాదికొకసారి లెక్కించే బట్టల పద్దులో నువ్వు "ఉగాదికి ఒక జత" అని రాశావు. ఉగాది దాకా మనిషి మిగలాలి కదా.

జహీరాబాద్,
నవంబరు 16

చిరంజీవి పూజితకు దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండు నెలల్లో ఒక్క మనిషి గడప తొక్కలేదంటే నువ్వు ఊరందరితో కయ్యం పెట్టుకున్నావన్నమాట. ఎవరినేమన్నావు? ఇంటికి రావడానికి మూడు వారాల వాయిదా ఏమిటి, అది కోర్టా? జబ్బార్ కూడా కాగితం చేతికిస్తూ, "పోరి ఏమన్న అన్నదో ఏమో. జర మాఫీ అడగమను" అన్నాడు.

పద్దు మార్పిడి కుదరదు. ఆఫీసులో మా పెద్దసారు అడిగినా చేయలేదు నేను. ఆయన జీపు టైర్ల సొమ్ముతో కూలర్ కొనమన్నాడు. కొనలేదు. ఎండాకాలమంతా ఆయన చెమటలో, నేను ఆయన కోపంలో తడిశాం.

అయినా నా మాట విను. ఖాళీ గది ఎక్కడుందో నీకెవరు చెప్తారు? గోడలు చెప్తాయా? మనుషులు చెప్తారు. మనుషులు చాయ్ తాగితే నోరు విప్పుతారు. అందుకే ఆ పద్దు రాశాను. ఈ నెలాఖరులోగా నలుగురిని పిలిచి, ఐదో పద్దు ఖర్చు చేసి, బిల్లులు పంపు.

నీ పెద్దబాపు
మాణికప్ప

తా.క.: చాయ్‌లో అల్లం దంచి వెయ్యి. అల్లం పండించే ఇంటి పిల్లవు, సంచి చాయ్ వేడినీళ్ళలో ముంచి ఇచ్చావని తెలిస్తే మీ నాయన అన్నం తినడు.

మాగ్డెబర్గ్,
నవంబరు 24

పెద్దబాపుకు నమస్కారాలు.

నీ ఆజ్ఞ ప్రకారం మెట్ల దగ్గర కాగితం అంటించాను: "ఆదివారం నాలుగింటికి మూడో అంతస్తులో చాయ్. అందరూ రండి." ఎవరూ రారని, నీకు సున్నా చూపించి గెలుస్తానని అనుకున్నాను.

నాలుగైంది, గంట మోగింది. తలుపు తీస్తే రేషన్ దుకాణం ముందు నిలబడ్డట్టు మెట్ల మీద వరసగా ఉన్నారు. అందరి చేతిలోనూ ఏదో ఒకటి: కేకు, రొట్టె, ఒకావిడైతే కూర్చోవడానికి సొంత కుర్చీ. మొదటి గుటకకే ఒక ముసలాయనకు అల్లం ఘాటుకు కళ్ళనీళ్ళొచ్చాయి. "ఇది మందా?" అని అడిగాడు. మందేమోనని ఇంకో కప్పు తాగాడు.

చిక్కు తర్వాత వచ్చింది. అందరూ పోయాక చూస్తే ఒక ఖాళీ కప్పులో ముప్ఫై ఒక్క యూరోలున్నాయి. ఉమ్మడిగా పెట్టుకున్న చాయ్ అనుకుని ఎవరి వంతు వాళ్ళు వేశారట. నాకైన ఖర్చు ఆరు. అంటే ఖర్చు పద్దులో లాభం వచ్చింది. ఎక్కడ రాయను?

గది మాత్రం ఎవరూ చెప్పలేదు. నేల అంతస్తు వాటాలో ఉండే బ్రిగిటె అనే పెద్దావిడ ఒక్కతే కేకు తేలేదు. పాలెంత, అల్లమెంత, హీటర్ ఎన్ని గంటలు వేస్తావు అని అడిగి అన్నీ చిన్న పుస్తకంలో రాసుకుంది.

నీ
పూజిత

తా.క.: మిగిలిన కేకులతో వారం గడిచింది. తిండి పద్దు కూడా మిగిలింది. అదీ మురిగిపోతుందా?

జహీరాబాద్,
డిసెంబరు 1

పూజితకు.

దీవెనలు ఉత్తరం చివర రాస్తాను, అప్పటికి కోపం తగ్గితే.

జబ్బార్ నీ ఉత్తరం చదివి రోడ్డు మీదికి పోయి, "మాణికప్ప బిడ్డ జర్మనీల హోటల్ పెట్టింది, ఒక్క పూటకు ముప్పై యూరోల గల్లా!" అన్నాడు. సాయంత్రానికి మాట చిరాగ్‌పల్లి దాటింది. మర్నాడు మొగుడంపల్లి నుంచి ఒకాయన పెట్టెతో సహా దిగి, "సార్, అక్కడ పరోటా మాస్టర్ కావాల్నట గద" అన్నాడు. లేదంటే వినడు. మా వంటింట్లోనే పరోటా గాల్లోకి విసిరి చూపించాడు. బాగానే విసిరాడు, అది వేరే సంగతి. మీ నాయన చేనులోంచి పరుగెత్తుకొచ్చి, "ఏందన్నా, నా బిడ్డతోని చాయ్ అమ్మిపిస్తున్నవా?" అని నన్ను నిలదీశాడు.

ఇంటికొచ్చినవాళ్ళ దగ్గర చాయ్ పైసలు తీసుకుంటారా? మన ఇంట్లో ఎన్నడైనా చూశావా? ఎవరు ఎంత వేశారో అడిగి, ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టు. ఆ పుస్తకంలో రాసుకున్నావిడ మాత్రం హోటల్ లైసెన్సుల తనిఖీ మనిషే, సందేహం లేదు. అలాంటివాళ్ళు నాకు తెలుసు. ఏమీ తేరు, అన్నీ అడుగుతారు. ఆమెకు ముందు ఇచ్చి రసీదు తీసుకో.

గది సంగతి మరిచిపోలేదు. డిసెంబరు ఇరవై దాకా దొరక్కపోతే పద్దు నేనే మారుస్తాను. ఉద్యోగంలో చేయని పని నీకోసం చేస్తాను. చదువు ఆపి రావద్దు.

దీవెనలు.

నీ పెద్దబాపు
మాణికప్ప

తా.క.: పరోటా మాస్టర్ ఇంకా మా వరండాలోనే ఉన్నాడు. వీసా ఎప్పుడొస్తుందని అడుగుతున్నాడు.

మాగ్డెబర్గ్,
డిసెంబరు 10

పెద్దబాపుకు వంగి దండాలు.

డబ్బులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఒకాయన నేను చందాకు వచ్చాననుకుని ఇంకో రెండు యూరోలిచ్చి తలుపేసుకున్నాడు. చాయ్‌కి వేసిన రెండూ కలిపి ఆయనకు నాలుగూ తిరిగివ్వడానికి రెండుసార్లు పోవాల్సి వచ్చింది.

బ్రిగిటెగారు లోపలికి పిలిచింది. నాణేలు లెక్కపెట్టి, రసీదు రాసి, దాని మీద ముద్ర కూడా కొట్టింది. తనిఖీ మనిషి అని సగం సరిగ్గానే పట్టావు. ఆమె జిల్లా ఆఫీసులో ఆడిటరుగా చేసి రిటైరైందట. "నా ఉద్యోగమంతా డబ్బు వెనక్కి ఇవ్వండని ఉత్తరాలు రాయడంతోనే గడిచింది. అడక్కుండా తెచ్చిచ్చినదానివి నువ్వే. ఎవరు పంపారు?" అంది. నీ పద్దుల కాగితం చూపించాను. ఫోను అనువాదంతో మొదటి నుంచి చివరిదాకా చదివింది. "ఈయన పని తెలిసిన మనిషి" అంది.

పెద్దబాపూ, గది దొరికింది! ఆమె ఇంట్లోనే, వెనకవైపు గది, ఇప్పుడిస్తున్న అద్దెకే. ఆ రోజు పాలెంత, హీటరెంత అని అడిగింది ఆ గది నాకివ్వొచ్చా అని తేల్చుకోవడానికట. సామాను మూడు అంతస్తులు దించితే చాలు. బాపుకు ఇప్పుడు చెప్పు. చదువు ఆగలేదని, చాయ్ అమ్మలేదని, రెండూ చెప్పు.

ఇక నీ కాగితం మీద బ్రిగిటెగారి ఆడిట్ అభ్యంతరాలు రెండు. ఒకటి, చలిదేశం పద్దుల్లో కోటు లేకపోవడం క్షమించరానిది. ఆమె సంతకంతో నిన్ననే కొన్నాను. రెండు, అందరికీ పద్దులు రాసిన పెద్దమనిషి తన సొంత ఖర్చు ఎక్కడా చూపించలేదు. ఆరు నెలల లెక్క పంపాలట.

నీ
పూజిత

తా.క.: లెక్క పంపే శ్రమ నీకు అక్కర్లేదు. నిన్న పెద్దమ్మ వీడియో కాల్ చేస్తే బ్రిగిటెగారు మాట్లాడింది. ఒకరి భాష ఒకరికి రాదు. పెద్దమ్మ బస్టాండు వైపు చెయ్యి చూపించి, నువ్వు రోజూ అక్కడ తినే మిర్చి బజ్జీలు వేళ్ళ మీద లెక్కపెట్టి, నీ షుగర్ గోళీల డబ్బా కెమెరాకు ఆనించింది. అంతా అర్థమైందని బ్రిగిటెగారు పుస్తకంలో రాసుకుంది. నీ సంజాయిషీకి ఆమె పదిహేను రోజులు గడువిచ్చింది. అంత గడువెందుకని పెద్దమ్మ అడుగుతోంది.