తండాకు పోయిన ఎద్దులు

మోతె, జూన్ 1964

మునగాలలో ఉన్న తమ్ముడు తిమోతికి అన్న వ్రాయునది. మేము కులాసాగానే ఉన్నాము. ఎద్దులు మాత్రం ఇంట్లో లేవు.

మొన్న వాన పడ్డ తెల్లారి తండా ఫకీరా వచ్చినాడు. వాని ఎద్దు ఒకటి చచ్చిపోయిందట. ఉన్నదానితో జత కట్టుకుంటాను, మీదొకటి ఇమ్మని అడిగినాడు. ఒకటి ఇస్తే సరిపోయేది. వాని ఎద్దు బక్కది, మనదానితో జత కుదరదని మీ వదిన రెండూ విప్పి ఇచ్చింది. పైన నాగలి కూడా. "మన చెలక ఎట్ల దున్నుడే?" అంటే, "మన ప్రభువు అడిగినంతనే ఇచ్చి ఊకున్నడా?" అంటుంది. ఈమెతో నేనెప్పుడు గెలిచినాను?

పదును ఆరిపోతున్నదని నిన్న నేనే తండాకు పోయినాను. ఫకీరా చలిజ్వరంతో గట్టున పడుకున్నాడు. వాని భార్య కమ్లి నాగలి పట్టింది. ఆడమనిషి నాగలి పట్టగా నేనెన్నడూ చూడలేదు. "ఎద్దులకొచ్చినవా పెద్దయ్యా? తోలుకపో" అన్నది. నాగలి అందుకొని పొద్దుగూకేదాకా వాళ్ళ చేనే దున్ని వచ్చినాను. ఇప్పుడు నడుము లేవడం లేదు. మీ వదినేమో నవ్వుతున్నది.

మరదలి దగ్గు తగ్గిందా? మన చెలక అట్లనే ఉన్నది. నీ ఎద్దులను రెండు దినాలకు తోలుకొని రా. ఇంటికి తేకు, తిన్నగా చెలకకే తోలు. మీ వదిన కంటబడితే అవి కూడా తండాకే పోతాయి.

పిల్లలను ప్రభువు చల్లగా చూచుగాక.

అన్న జక్కయ్య