తెల్లవారుజాము మహాసభ

సోమవారం, 3.50
ప్రపంచ సర్వమత మహాసభ నేడే ఆన్‌లైన్‌లో ప్రారంభం! నడిపే విదేశం వాళ్లకు సాయంత్రం, మాకు తెల్లవారుజాము నాలుగు. ఐదు రోజులూ కెమెరా ముందు నుంచి కదలనివాళ్లలో ఒకరికి ముగింపు ప్రార్థన చదివే అవకాశం. ఆ ఒకరు నేనే! ప్రార్థన కూడా రాసేసుకున్నాను.

మా ఆయన బస్సు డ్రైవరు. ఇలాంటివి బుర్రకెక్కవు. "రెండ్రోజులు కూడా ఆగలేవు చూడు" అన్నారు.

మంగళవారం
ఒక స్వామి 'మేలుకో' అని నలభై నిమిషాలు చెప్పాడు. జోలపాడినా అంత నిద్ర రాదు. తెర మీద నా పక్క గడిలో ఒక పెద్దాయన గురక. ఛీ, ఇదా భక్తి?

బడిలో పాఠం చెబుతూ, మూడో పీరియడ్‌లో చిన్న కునుకు. నా మూడో తరగతి ఎంత నిశ్శబ్దంగా ఉందో! కళ్లు తెరిస్తే పిల్లలు ఒక్కరూ లేరు.

బుధవారం
నిద్ర కాదు, ధ్యానం. తల టేబుల్‌కి కొట్టుకుంది. అది సాష్టాంగం. అయినా నేను వినకపోతే వాళ్ల ఉపన్యాసం ఆగుతుందా ఏమిటి?

గురువారం, 7.00
ఘోరం! అలారం నొక్కేసి పడుకున్నాను. లేచి పరుగెత్తితే, నా కుర్చీలో ఈయన! డ్యూటీ చొక్కాలో, కొయ్యబొమ్మలా.

"నీ హాజరు పోతుందని కూర్చున్నా."

"ఏమైనా అడిగారా?"

"ఈ పూట ఏం ప్రార్థించారని అక్కడున్న ఒక తెలుగావిడతో అడిగించారు. మా ఆవిడకి మూడ్రోజులుగా నిద్రలేదండి, మెలకువ రాకుండా ఉంటే చాలని దణ్ణం పెట్టుకున్నా అన్నా."

చప్పట్లట. కన్నీళ్లట. ముగింపు ప్రార్థన ఈయనకే ఇచ్చారట! పట్టుమని పది మాటలు రాని ఈయనకా! ఒళ్లు మండిపోయింది. నిజం రాయాలంటే, కాస్త సిగ్గు కూడా వేసింది.

"రేపు పొద్దున్నే నాకు డ్యూటీ. నువ్వు చదువుతావని చెప్పేశా."

పెళ్లయ్యాక మొదటిసారి ఈయన తెలివైనవారనిపించారు.

శుక్రవారం, 8.10
ఇప్పుడే లేచాను. అయిపోయింది. అంతా అయిపోయింది. డ్యూటీలో ఉన్న ఈయనకు ఫోన్ చేసి కడిగేశాను.

"లేపుదామనే వచ్చా. హాయిగా పడుకున్నావు, మనసొప్పలేదు."

"మరి కెమెరా ఎందుకు ఆన్ చేసి వెళ్లారు?"

"ఒకవేళ లేస్తావేమోనని."

రికార్డింగ్ చూశాను. నా ఖాళీ కుర్చీకి ప్రపంచ మతాలన్నీ రెండు నిమిషాలు తలలు వంచాయి. 'ఇంతటి మౌన ప్రార్థన ఎన్నడూ చూడలేదు' అంటూ మంగళవారం స్వామి కళ్లు తుడుచుకున్నాడు. దద్దమ్మ! నేను రాసుకున్నది మాత్రం ఎవరూ వినలేదు. ఏడుపొచ్చింది.

ఆదివారం
మూడు నెలల్లో మరో మహాసభ. పేరిచ్చేశాను! ఈసారి రెప్ప వేస్తే ఒట్టు.

ఈయనకు మాత్రం చెప్పను. మళ్లీ నా నిద్ర కోసం దణ్ణం పెడతారు. అంతమంది స్వాములున్నారా, ఫలించింది ఈయన దణ్ణమొక్కటే.