తొక్కతో తినే పండు

బోధన్, 1968

అక్కా,

పొద్దున మీ ఊరి రుక్మాబాయి చేత పంపిన చిట్టి నారింజ పండ్లు ఎవరూ తినవద్దు. నీ బిడ్డ ముత్తవ్వను అసలే ముట్టనివ్వకు. ముందు ఆ బుట్ట ఆమె దగ్గర నుంచి తీసెయ్యి, మిగతాది తర్వాత చదువు.

మా పెరట్లో కుండీలో పెంచుతున్న చెట్టు నీకు తెలుసు కదా. ఈ ఏడు ఆకులకు పురుగు పట్టింది. నేను రోజూ చేత్తో ఏరేస్తూ వచ్చాను. కడుపుతో ఉన్న పిల్ల పులుపు అడుగుతోందని నువ్వు కబురు పెడితే, పండినవన్నీ తెంపి పంపాను. ఇప్పుడు చూస్తే చెట్టు కింద పిచ్చుకలు చచ్చి పడి ఉన్నాయి. నీ మరిదిని అడిగాను.

"నిన్న నువ్వు అంగడికి పోయినంక చెరుకు పురుగులకని తెచ్చిన మందు చెట్టుకు కొట్టిన. గింతల్నే పండ్లు తెంపుతవని నాకేం ఎర్క?" అన్నాడు.

"జర చెప్పాలె గదా!" అని అరిచాను. ఆయన లోపలికి ఉరికి మందు సీసా తెచ్చాడు.

వేరే పండైతే తొక్క తీసేస్తాం. దీన్ని తొక్కతోనే తింటాం కదక్కా. ముత్తవ్వ ఒక్కటి తిన్నా సరే, బాగానే ఉన్నానన్నా వినకుండా నిజామాబాద్ దవాఖానకు తీసుకుపో. సీసా మీది కాగితం ఇందులో పెట్టాను, డాక్టరుకు చూపించు.

తెంపేటప్పుడు నేనూ కొన్ని తిన్నాను. చేయి వణుకుతోంది, భయానికే అయి ఉంటుంది. నీ మరిది నన్ను దవాఖానకు తీసుకుపోవడానికి రిక్షా తెచ్చి వాకిట్లో కేకలేస్తున్నాడు. ఈ ఉత్తరం తెచ్చే పక్కింటి దస్తగిర్ మోటార్ సైకిల్ మీ ఊరి దిక్కు కదిలాకే నేను రిక్షా ఎక్కుతాను.

నీ చెల్లెలు