పాలు తగలని మామిడి పై

డిండోలి, సూరత్
8 జూన్ 2021, మంగళవారం

చిరంజీవి సౌభాగ్యవతి భాగీరథికి,

నీ వదిన లలిత దీవించి రాసేది. ఇక్కడ మీ అన్న, నేను, జమున ముగ్గురం బాగున్నాం. ఇదివరకు ఉత్తరం మొదట్లో ఈ మాటను అలవాటుగా రాసి పారేసేవాళ్ళం. ఇవాళ రాసేముందు తల ఎత్తి ఇద్దరినీ ఒకసారి చూసుకుని రాశాను. మీ ఆయన సదానందం అన్నను, మీ అమ్మాయి నీరజను అడిగానని చెప్పు.

ఒకే ఊళ్ళో ఉంటూ డిండోలి నుంచి పర్వత్ పాటియాకు ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావేమో. ఏం చేయను? నేను ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. పొరపాటున ఎత్తినా "అన్నకియ్యి" అంటావు. మూడేళ్ళలో నువ్వు నాతో మాట్లాడింది మొత్తం ఆ ఒక్క మాటే. అందుకే నా ఏడో తరగతి చదువును దుమ్ము దులిపి బయటికి తీశాను. నీరజకు తెలుగు చదవడం రాదు కాబట్టి, ఇష్టమున్నా లేకున్నా ఇది నువ్వే చదవాలి.

ఉత్తరంతో పాటు జమున నీకు ఒక డబ్బా ఇస్తుంది. ఇది పూర్తిగా చదివేదాకా దాన్ని తెరవకు. అందులో ఉన్నది మామిడి పై. అదొక రకం పిండివంట. కింద ఒక మైదా పొర, మీద ఒక పొర, మధ్యలో ఉడికించిన మామిడి ముక్కలు పెట్టి ఓవెన్‌లో కాలుస్తారు. ముట్టుకుంటే పొరలు పొరలుగా రాలాలి. అందులో పాలు లేవు, వెన్న లేదు, నెయ్యి లేదు, గుడ్డు లేదు. మైసమ్మ తల్లి సాక్షిగా చెప్తున్నాను, నీ ఒట్టుకు అందులో ఎక్కడా భంగం లేదు.

ఆ రోజు సంగతి నువ్వూ మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు. మూడేళ్ళ కింద ఈ ఇంటి గృహప్రవేశం. కొత్త ఇంట్లో పాలు పొంగించాల్సింది ఆడబిడ్డ. నువ్వు కొత్త గిన్నె కొనుక్కుని, పాలు పట్టుకుని తెల్లవారకముందే బయలుదేరావు. ఆటో దొరకలేదు. నువ్వు వచ్చేసరికి మా చెల్లెలు ప్రమీల చేతుల మీదుగా పాలు పొంగిపోయాయి. ముహూర్తం దాటిపోతోందని పంతులు తొందరపెట్టాడని నీకు చెప్పాను. నువ్వు గిన్నె చంకలో పెట్టుకుని గడప అవతలే నిలబడ్డావు. "ఈ ఇంట్ల పాలు గానీ, పాలతోని అయ్యేది గానీ నా నోట్లె వడితే ఒట్టు" అన్నావు. వచ్చిన చుట్టాలందరూ విన్నారు. అన్న మాట వెనక్కి తీసుకునే మనిషివి కాదని నేను కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే తెలుసుకున్నాను.

పాలు లేకుండా మన ఇళ్ళల్లో ఏముంది చెప్పు? గడప దాటితే ముందు చాయ్, అన్నం చివర పెరుగు, పండుగకు నెయ్యి. ఆ తర్వాత నువ్వు రెండుసార్లు వచ్చావు. రెండుసార్లూ మంచినీళ్ళు తాగి పోయావు. తరువాత రావడమే మానేశావు. రాఖీ నాడు మీ అన్నే మీ ఇంటికి వచ్చి కట్టించుకుంటున్నాడు. ఆ పూట అంతా నేను ఇంట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ తిరుగుతాను.

ఏప్రిల్‌లో మీ ఆలుమగలకు ఇద్దరికీ కరోనా అని తెలిసినప్పుడు నా ప్రాణం నా దగ్గర లేదు. మీ తలుపు దాకా వచ్చే ముఖం కూడా నాకు లేకపోయింది. మీ పక్కింటి పద్మారాణి గారు రోజూ పాలు కాచి గుమ్మంలో పెట్టేవారని విన్నాను. ఆమె చల్లగా ఉండాలి. ఈ డబ్బాలోంచి ఆమెకు కూడా ఒక ముక్క పెట్టు.

ఇక ఈ వంట నా దాకా ఎలా వచ్చిందో చెప్తాను. లాక్‌డౌన్‌లో ఊరికే కూర్చోలేక జమున ఫోన్‌లో చూసి కేకులు నేర్చుకుంది కదా, ఇప్పుడు మా సొసైటీలో ఎవరి పుట్టినరోజైనా దానికే ఆర్డర్. పోయిన నెల ఒక గుజరాతీ ఆవిడ వచ్చి వీగన్ పై కావాలంది. వీగన్ అంటే ఏమిటని జమునను అడిగాను. "దూద్, ఘీ, అండా, ఏదీ వెయ్యొద్దు మమ్మీ. జానవర్ నుంచి వచ్చేది ఏదీ ఉండద్దు" అంది. పాలు, నెయ్యి, గుడ్డు, జంతువు నుంచి వచ్చేది ఏదీ తగలకూడదట. కూలికి లేసు కుడుతున్న మార్కెట్ చీరను పక్కన పడేశాను. నీలాగా ఒట్టు పెట్టుకున్నవాళ్ళు లోకంలో ఇంతమంది ఉన్నారా, వాళ్ళ కోసం ఒక వంటే పుట్టిందా అనిపించింది.

సరిగ్గా అదే వారం మీ అన్న పని నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా, "భాగి వాళ్ళు సూరత్ ఇడిసి పోతున్నరట" అన్నాడు. సదానందం అన్న పనిచేసే మగ్గాల కార్ఖానా మూతపడిందని, సిరిసిల్లలో పని దొరికిందని, ఈ ఆదివారానికే రైలు టికెట్లు అయ్యాయని చెప్పాడు. ఆ పూట మీ అన్న అన్నం సగంలో లేచాడు. ఇరవై రెండేళ్ళు ఈ ఊళ్ళో ఒకరికొకరం ఉండి, చివరికి నా ఇంట్లో ఒక ముద్ద తినకుండా నువ్వు రైలెక్కితే నాకు బతికినన్నాళ్ళు అన్నం సహించదు భాగీ. ఉన్న మాట రాస్తున్నాను.

జమున చేస్తానంది. వద్దు, నా చేతితోనే కావాలన్నాను. అక్కడే మొదలయ్యాయి నా తిప్పలు. ముప్ఫై ఏళ్ళుగా రొట్టెలు చేసే చేయి ఊరుకుంటుందా? పిండిని మెత్తగా పిసికి, తడిగుడ్డ కప్పి నానబెట్టాను. "మమ్మీ, యే రోటీ కా ఆటా థోడీ హై, ఇది రొట్టె పిండి కాదు, పిసకొద్దు" అని జమున మొత్తుకుంటూనే ఉంది. కాలిన తరువాత మీ అన్న ఒక ముక్క కొరికి, "గిది తినేదా, పలకనా? జర బలపం గూడ తే" అన్నాడు.

రెండోసారి జమున డాల్డా వేద్దామంది. దాంట్లో పాలు ఉండవట. ఉండకపోవచ్చు, కానీ దాన్ని అందరూ వనస్పతి నెయ్యి అనే అంటారు. ఆ పేరు వింటే నీకు అనుమానం వస్తుందని వద్దన్నాను. కొబ్బరినూనె తెప్పించాను. "తలకు వెట్టుకునే నూనె కడుపుకు వెట్టుడేంది" అని మీ అన్న గొడవ. ఆ నూనె సూరత్ ఎండకు నీళ్ళలాగా కరిగి పిండిలో కలిసిపోయింది. పొరలు రాలేదు, బిస్కెట్టు వచ్చింది. అది ఇప్పటికీ మీ అన్న చాయ్‌లో ముంచుకుని తింటున్నాడు.

మూడోసారి జమున చెప్పినట్టు నోరు మూసుకుని చేశాను. నూనెను ఫ్రీజర్‌లో పెట్టి గడ్డ కట్టించి, కొబ్బరి తురిమినట్టు తురిమాను. మైదాలో వేళ్ళ కొసలతో కలిపి, మంచునీళ్ళు చిలకరించి, పిసకకుండా దగ్గరికి నొక్కాను. చేతి వేడికి నూనె కరుగుతోందనిపించగానే మళ్ళీ ఫ్రిజ్‌లోకి. తరువాత ఒత్తి మూడు మడతలు, తిప్పి ఒత్తి మళ్ళీ మూడు మడతలు. ఆ మడతలు మాత్రం నాకు జమున నేర్పనక్కరలేకపోయింది. ఇరవై ఏళ్ళు మార్కెట్ చీరలు మడత పెట్టిన చేతులు కదా. నూనె పలుకులు పలుకులుగా మిగిలితేనే వేడికి కరిగి పొరలు విడిపోతాయట.

పండుకు కూడా పేచీ వచ్చింది. కేసర్ మామిడి వేస్తే రసం కారి పులుసైంది. దోరగా ఉన్న రాజాపురి కాయ అయితే ముక్క నిలిచింది. బెల్లం, నిమ్మరసం, కాస్త మొక్కజొన్న పిండి, నీకు ఇష్టమని సోంపు వేశాను. మెరవడానికి పాలు పూయాలట, నేను బెల్లం నీళ్ళు పూశాను. జమున పాత టిన్నులకు వెన్న రాసి ఉంటుందని టిన్ను కూడా కొత్తది కొన్నాను.

ఇవాళ పొద్దున తీసి చాకు దింపితే గలగలమని పొర రాలింది. మీ అన్న ఒక ముక్క తిన్నాడు. రెండోది అడిగాడు. అది కూడా అయ్యాక, "భాగికి గీ అంచు మస్తు ఇష్టమైతది" అన్నాడు. సర్వపిండి గిన్నె అంచున మాడిన ముక్క కోసం మీరిద్దరూ జుట్లు పట్టుకునేవాళ్ళని అత్తమ్మ ఎన్నిసార్లు చెప్పి నవ్వేదో. నీకు పంపింది ఇంకొకటి, కోయనిది. దాని అంచులన్నీ నీవే.

శనివారం ఒక్క పూట ముగ్గురూ ఇంటికి రండి. పాల చుక్క లేకుండా వంట చేస్తాను. చాయ్ మాట ఎత్తను. ఒట్టు నీది, దాన్ని కాపాడే పని నాది.

ఇట్లు
నీ రాక కోసం గుమ్మం వైపు చూసే వదిన,
లలితమ్మ

మరిచిన మాట: మరిచింది కాదు, దాచింది. జమున స్కూటర్ తాళం పట్టుకుని తొందరపెడుతుంటే, అంటించిన కవరు మళ్ళీ విప్పి రాస్తున్నాను. ఆ రోజు పంతులు తొందరపెట్టలేదు. ఇంకా ఇరవై నిమిషాలు ఉంది, ఆడబిడ్డ వచ్చేదాకా ఆగుదామమ్మా అన్నాడు. ఆటో కోసం నిలబడ్డానని నువ్వు ఫోన్ కూడా చేశావు. ఆగనిది నేను. ముందు రోజు మా పుట్టింటివాళ్ళు పెట్టిన చీరను అందరిలో పట్టుకుని "గింత పల్చగున్నదేంది" అన్నావు. ఆ మంటతో ప్రమీలను పిలిచి పొయ్యి ముట్టించమన్నాను. మూడేళ్ళుగా ఆ పాపం పంతులు మీద పెట్టి తిరుగుతున్నాను. ఇది చెప్పకుండా డబ్బా పంపడానికి నాకు మనసొప్పలేదు. ఇది చదివాక రావాలో వద్దో నువ్వే చూసుకో.

*

పర్వత్ పాటియా
10 జూన్ 2021

వదినకు,

భాగీరథి నమస్కరించి రాసేది. మేము బాగున్నాం. ఇల్లంతా మూటలు కట్టి ఉంది, కలం దొరకడానికే గంట పట్టింది.

డబ్బా అందింది. చదివేదాకా తెరవొద్దని రాశావు. నువ్వు చెప్పింది నేను ఎప్పుడు విన్నాను? జమున ఇంకా మెట్లు దిగకముందే మూత తీశాను. స్కూటర్ కుదుపులకు ఒక మూల విరిగి ఉంది. దాన్ని తిన్నాను, ఇంకో ముక్క తిన్నాను, ఆ తరువాత ఉత్తరం విప్పాను.

సోంపు కొంచెం ఎక్కువైంది. అడుగు పొర మెత్తబడింది, ఈసారి రసం ఇంకా చిక్కగా ఉడికించు. అంచుల్లో మాత్రం వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు, చాలాసేపు వెతికాను. ఈయన తిని, "గిసొంటిది మనూర్ల యాడ దొరుకుతది" అన్నాడు. నీరజ జమునకు ఫోన్ చేసి ఎలా చేయాలో రాసుకుంది. అంచులు ఎవరికీ పెట్టలేదు.

పంతులు సంగతి చదివి ఒక పగలంతా నీ మీద మండిపడ్డాను. మూడేళ్ళు ఆ మనిషి గుడి ముందు నుంచి పోతూ నమస్కారం కూడా పెట్టలేదు నేను. ఆయనకు ఏం చెప్పుకోను? సాయంత్రం మూటలు కడుతుంటే నా పెళ్ళి చీర చేతికి వచ్చింది, అప్పుడు నీ చీర గుర్తొచ్చింది. అది పల్చటిది కాదు వదినా. మంచి చీర. అలాంటిది నాకు ఎవరూ పెట్టలేదని అట్లా అన్నాను. అది గుర్తొచ్చాక కోపం సగం దిగింది. మిగతా సగం సిరిసిల్లకు తీసుకుపోతాను, అక్కడ ఎవరి మీదో పనికొస్తుంది.

నీ టిన్ను ఖాళీగా తిప్పి పంపడం బాగుండదని సర్వపిండి పెట్టాను. మాడిన అంచు అన్నకు పెట్టు. అన్న ఇచ్చినా నువ్వు తీసుకోకు.

ఇట్లు
నీ ఆడబిడ్డ,
భాగీరథి

ఇంకొక మాట: పద్మారాణికి ముక్క పెట్టమన్నావు, పెట్టాను. ఆమె పాలు కాచిందని కూడా రాశావు. అబద్ధం చెప్పడం నీకు ఇప్పటికీ సరిగ్గా రాదు.

జ్వరం వచ్చిన మూడో రోజుకే నాకు రుచి, వాసన రెండూ పోయాయి. గుమ్మంలో ఏది పెడితే అది, ఏమిటో తెలియకుండా తాగాను. పదో రోజు పాలు గుక్క వేస్తే నాలుకకు వాము తగిలింది. పసుపు, మిరియాలు అందరూ వేస్తారు. పాలలో వాము నలిపి వేసేది మా అమ్మ ఒక్కతే. నేర్చుకోమంటే నేను వినలేదు, నువ్వు నేర్చుకున్నావు. నాకు తిరిగొచ్చిన మొదటి రుచి అది వదినా. ఆ గ్లాసు పట్టుకుని ఏడ్చాను. ఆ తరువాత నాలుగు రోజులు ఆమె చేతి మీదుగా వచ్చేవి ఎవరి ఇంటి పాలో తెలిసే తాగాను, అడుగు చుక్క దాకా. ఒట్టు ఎప్పుడో పోయింది. పోయిందని ఒప్పుకోవడానికే నాకు నోరు రాలేదు.

శనివారం పొద్దున్నే వస్తాం. గృహప్రవేశానికి కొన్న గిన్నె ఇప్పటికీ నా దగ్గరే ఉంది, పొయ్యి ఎక్కించలేదు. దాన్ని మూటలో కట్టలేదు, చేతిలో పట్టుకొస్తాను. నువ్వు పాలు తెప్పించి పెట్టు, పొయ్యి మాత్రం ముట్టించకు. ఆటో దొరకడం ఆలస్యమైతే ఈసారి ఆగు.