కూలర్ అడుగున పొర

తమ్ముడికి,

ఆశీస్సులు చివర్లో రాస్తాను. ముందు నా కడుపుమంట చదువు.

"అక్క మాట విని చౌకరకం మదర్‌బోర్డు కొని మునిగిపోయాం" అని పిన్నితో అన్నావట. ఆ బోర్డు కోసం మూడు వారాలు షాపుల చుట్టూ తిరిగింది నేను. నీ భార్య రోజంతా కంప్యూటర్ మీదే బొమ్మలు గీయాలి, వేడెక్కితే కుదరదు కాబట్టి రంగు లైట్ల బోర్డు మానేసి ప్రాసెసర్‌ని చల్లబరిచే మంచి కూలర్ కొనమన్నాను. తీరా బిగించేటప్పుడు మాత్రం నన్ను పిలవలేదు. నీకే అన్నీ వచ్చు మరి.

ఇవాళ నువ్వు డ్యూటీలో ఉండగా మీ ఇంటికొచ్చాను. కంప్యూటర్ పావుగంటకోసారి ఆగిపోతోందని, ఎల్లుండికి బొమ్మలు ఇవ్వకపోతే పని పోతుందని మరదలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కూలర్ విప్పాను. ప్రాసెసర్‌కి ఆనాల్సిన చోట ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. దాని మీద "బిగించే ముందు తీసేయండి" అని రాసి కూడా ఉంది. ఇంక వేడి బయటికి ఎలా పోతుందిరా?

"కొత్తది కదా వదినా, పాడవుతుందని ఉంచేశారు" అంది మరదలు. మీ ఇంట్లో రిమోటు కవరూ, ఫ్రిజ్ తలుపు మీది పొరా కూడా అందుకే ఉన్నాయి కాబోలు.

పొర పీకి, వేడిని కూలర్‌కి చేరవేసే పేస్టు రాసి బిగించాను. మూడు గంటలైంది, ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ పొరను ఈ కాగితానికే అంటించాను, పిన్నికి చూపించి నిజం చెప్పు.

చిన్నప్పుడు కొత్త కుర్చీ కవరు చింపావని నీ వీపు విమానం మోత మోగించింది నేనేనన్న సంగతి మాత్రం చెప్పకు.

ఆశీస్సులతో,
అక్క