పాటల బృందం నొక్కిన ప్రకటనలు

సవాయీ దీవిలో ఉన్న లాంగీ పిన్నికి, ఆపియా నుంచి ఫేతు. ఒంట్లో బాగానే ఉంది, ఒళ్ళే మండుతోంది.

చర్చి పాటలవాళ్ళను కూర్చోబెట్టి, "మన పిల్ల వంటల సైటులో ప్రకటనలు నొక్కండర్రా, నొక్కినప్పుడల్లా దానికి డబ్బులొస్తాయి!" అన్నావట. వందమంది చూస్తే ఒకరో ఇద్దరో నొక్కడం మామూలు. మీ ఊళ్ళో చూసినవాళ్ళంతా నొక్కారు. ప్రకటనల కంపెనీకి అనుమానమొచ్చి నా సంపాదన మొత్తం ఆపేసింది. పైగా చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి చేసే నా పాలుసామి వంట ఒక్కరూ రెండు క్షణాలైనా చదవలేదని సైటు లెక్కల్లోనే కనిపిస్తోంది. నువ్వు కూడా చదవలేదు!

ఓడలో ఎవరైనా వస్తుంటే చేమాకులు పంపు. బాబాయి మోకాలు ఎలా ఉంది? ఈ ఆదివారమైనా ఆ వంట చదివి వండు, ప్రకటన మీద మాత్రం వేలు పెట్టకు. పాస్టరుగారికి నా దండాలు. ఆయన్ని కూడా వేలు పెట్టొద్దని చెప్పు.