సుబ్బన్న వంతు

ఫర్వానియా, కువైట్
ఆదివారం

పూజ్యులు సోమేశ్వరరావు బావగారికి,

అమలాపురంలో ఉన్నన్నాళ్ళూ మీ చెల్లెలి చివరి రోజు గురించి మీరు నన్ను అడగలేదు. అడిగితే చెప్పలేనని మీకు తెలుసు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు శుక్రవారం, ఇక్కడ వారపు సెలవు, బడి లేదు. దుర్గ ఆలస్యంగా లేచింది. కాఫీ నేనే పెట్టాను. తొమ్మిదో తరగతి చరిత్ర పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంది. మధ్యాహ్నం చేపల పులుసు వండింది. తిన్నాక, "వచ్చే నెల సుబ్బన్నకి సంఘం అప్పగించేటప్పుడు ఆ తెల్ల చొక్కా వేసుకోండి, పెద్దమనిషిలా కనబడతారు" అంది. "ఇప్పుడు కనబడటం లేదా?" అన్నాను. "ఇప్పుడు అకౌంటెంటులా కనబడుతున్నారు" అని నవ్వింది. సాయంత్రం దవడ లాగుతోందని చెప్పింది. పంటినొప్పి అనుకుంది, నేనూ అదే అనుకున్నాను. ఉప్పునీళ్ళు కాచి ఇచ్చాను. పుక్కిలించి వచ్చి మంచం మీద కూర్చుని నా చేయి పట్టుకుంది. పక్కకి ఒరిగిపోయింది. అంబులెన్సు త్వరగానే వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరు బయటికి వచ్చి నా పేరు అడిగాడు. అంతే.

తరువాతదంతా సుబ్బన్న చూసుకున్నాడు. కడప మనిషి, సబ్‌హాన్‌లో చిన్న గ్యారేజీ నడుపుతాడు. ఇక్కడి మన తెలుగు సంఘానికి నేను అధ్యక్షుణ్ణి, అతను నా తరువాతి వాడు. పని మానుకుని ప్రతి ఆఫీసు కిటికీ దగ్గరా నిలబడ్డాడు. మన కోనసీమ బుజ్జిబాబు విమానాశ్రయం పని చూశాడు. హైదరాబాదులో మీరు పెట్టె దింపుకునేసరికి ఒక్క కాగితం కూడా తక్కువ కాలేదు.

అలా జరగడం వెనక దుర్గే ఉందని మీకు తెలుసో లేదో. మూడేళ్ళ క్రితం సంఘం రెండుగా చీలింది. గోదావరి వాళ్ళు ఒక హాల్లో, కడప వాళ్ళు ఇంకో హాల్లో, ఎవరి అధ్యక్షుణ్ణి వాళ్ళు ఎన్నుకున్నారు. ఆ రోజుల్లోనే తిరుపాలమ్మ అనే కడప ఆమె భర్త చనిపోయాడు. ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది ఆమె. ఇద్దరు అధ్యక్షులూ ఎంబసీకి చెరొక ఉత్తరం రాసి పంపారు. ఏది సంఘమో తేలక శవం మార్చురీలోనే ఉండిపోయింది. దుర్గ ఆమెను మన ఇంట్లో పెట్టుకుంది.

తరువాత రెండు పక్షాలనూ కూర్చోబెట్టి ఐర్లండు రాజుల కథ చెప్పింది. ఎమ్మేలో తనకు ఆ పుస్తకం తెచ్చిచ్చింది మీరే. ఆ రాజుల గద్దె ఉన్న తారా కొండ ఎక్కడ, ఫర్వానియా ఎక్కడ అని నాకు నవ్వొచ్చింది. ఒకే వంశం నుంచి చీలిన రెండు రాజకుటుంబాలు, ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన. రెండు వందల యాభై ఏళ్ళ పాటు దాదాపుగా వంతులు వేసుకుని తారా రాజ్యం చేశాయి. రాజు బతికుండగానే తరువాతి వాడు ఎవరో చెప్పేసేవారట. అతన్ని తానిష్ట అంటారట. "వాళ్ళేమీ దేవుళ్ళు కారు. పోటీకొచ్చిన వాడి కళ్ళు పొడిచేవారు. ఒంట్లో లోపం ఉన్నవాడు రాజు కాకూడదని నియమం" అంది. వెనక నుంచి బుజ్జిబాబు, "అయితే మేడంగారండీ, సుగరున్నోడు పనికిరాడాండీ?" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ నవ్వులోనే ఒప్పందం కుదిరింది. ఒక ఏడు మనది, ఒక ఏడు వాళ్ళది. మనవాళ్ళ నోట్లో తానిష్ట తానీషా అయింది. సుబ్బన్న గ్యారేజీకి వెళ్ళిన వాళ్ళంతా "తానీషా గారూ, బ్రేకులు చూడండి" అనేవారు.

మొన్న శుక్రవారం నా ఏడు పూర్తయింది. హాల్లో దుర్గ ఫోటో పెట్టారు. మనవాళ్ళు లేచి, మేడం గౌరవం కోసం ఈ ఏడు కూడా నేనే ఉండాలన్నారు. నేను సుబ్బన్న వైపు చూశాను. అతను లేచి నిలబడ్డాడు. "అమ్మ పోయి నెల గూడా కాల్యా. ఇప్పుడు కుర్చీ కోసరం కొట్లాడితే నేనేం మనిషిని? మీరే ఉండండి సార్. మావోళ్ళకి నేను సెప్పుకుంటా" అన్నాడు.

నేను సరేనన్నాను. కుర్చీ మీద నాకు ఆశ లేదు బావగారూ. సంఘం ఫోను అధ్యక్షుడి దగ్గర ఉంటుంది. పగలనీ రాత్రనీ లేకుండా మోగుతుంది. అది మోగుతున్నంతసేపూ ఈ ఇంట్లో మరో మనిషి ఉన్నట్టు ఉంటుంది. అది ఇవ్వబుద్ధి కాలేదు.

అక్కయ్యగారికి నమస్కారాలు.

మీ
భీమేశ్వరరావు


ఫర్వానియా
శనివారం

బావగారికి,

నా ఉత్తరం చదివి మీరు ఫోన్‌లో ఒక్కటే అడిగారు, దుర్గ ఉంటే దీనికి ఒప్పుకునేదా అని. నేను లైను కట్ చేశాను. క్షమించండి. ఈ వారం జరిగింది రాస్తాను, అదే జవాబు.

సోమవారం బుజ్జిబాబు నన్ను ఆఫీసు నుంచి తన కారులో తీసుకొచ్చాడు. మంచివాడు, నేను ఒక్కణ్ణే ఉంటానని పెరుగన్నం కూడా తెచ్చాడు. దారిలో హుషారుగా ఉన్నాడు. "మీరింక నిశ్చింతగా ఉండండి సార్. ఆళ్ళకి ఒక ఏడు తప్పిపోయిందంటే, ఇంక ఎప్పటికీ మనదేనండి. మేడంగారి పేరు చెబితే ఆళ్ళలో నోరెత్తేవోడు లేడండి, ఆయ్" అన్నాడు. పెరుగన్నం తీసుకుని దిగిపోయాను. తినలేదు.

నిన్న తిరుపాలమ్మ వచ్చింది. నేను ఊరి నుంచి తిరిగి వచ్చాక ఆమెకు సెలవు దొరకడం ఇదే మొదటిసారి. "మా మామా ఒక్క గంటే ఇచ్చింది సారూ, బయట డ్రైవరు ఉండాడు" అని గుమ్మంలోనే నిలబడింది. పనిచేసే ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటారు. దుర్గ ఫోటో వైపు చూసి కళ్ళు తుడుచుకుంది. కూర్చోమన్నా కూర్చోలేదు. పోతూ పోతూ అడిగింది.

"సారూ, ఒక మాట. మావోళ్ళు మళ్ళా వేరే హాలు మాట్లాడుకుంటాండారంట. సుబ్బన్న వద్దంటే ఆయప్ప మీద ఎగురుతాండారు, నువ్వు గోదారోళ్ళకి అమ్ముడుబోయినావని. రేపు మాలో ఎవురన్నా సస్తే నేను ఏ నంబరుకు ఫోన్ చేయాల? మీకా, వాళ్ళకా?"

"నాకే చెయ్యమ్మా" అన్నాను.

"అప్పుడు గూడా ఇద్దరూ ఇట్లే అనిరి సారూ" అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. కింద డ్రైవరు హారన్ కొడితే వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక చాలాసేపు గుమ్మం దగ్గరే ఉన్నాను. తన భర్తను ఇంటికి పంపడానికి ఆమె ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగిందో మా ఇంట్లో ఉన్నప్పుడు చూశాను. నా భార్య కోసం నేను ఒక్క గుమ్మం కూడా ఎక్కలేదు. ఆ రెండు చావుల మధ్య మారింది ఒక్కటే, వంతు. దాన్ని దుర్గ కట్టింది. దుర్గ ఫోటో ముందు నిలబడి, దుర్గ పేరు మీదే, నేను తెంచాను. నేను దుఃఖంలో ఉన్నానని అందరూ పక్కకు తప్పుకున్నారు. తప్పుకున్న వాళ్ళలో ఎక్కువ నష్టపోయింది సుబ్బన్న.

తారాలో ఆ వంతు ఎలా తెగిందో దుర్గ ఒకసారి చెప్పింది. మూడో చోటు నుంచి ఒక బలవంతుడు వచ్చాడు. అప్పుడు వంతులో ఉన్న దక్షిణాది రాజు సాయం అడిగితే ఉత్తరాది బంధువులు కదల్లేదు. అతను యుద్ధం లేకుండానే తప్పుకున్నాడు. తరువాత ఒక వందేళ్ళకు పైగా అక్కడ ఎంత గొప్పవాడు గద్దె ఎక్కినా చరిత్రకారులు అతని పేరు పక్కన ఒక మాట చేర్చేవారట, ఎదురున్న రాజు అని, అంటే అందరూ ఒప్పుకోని రాజు. ఆ మాట చెప్పి దుర్గ, "అన్నిటికంటే జాలి ఆ రాజుల మీదే వేస్తుంది నాకు" అంది. ఎందుకని నేను అడగలేదు. ఏదో బిల్లు చూసుకుంటున్నాను అప్పుడు.

సుబ్బన్నకు ఇందాక ఫోన్ చేశాను. రేపు వచ్చి అతని వంతు అతనికి అప్పగిస్తానని చెప్పాను. "సార్, జాలిపడి ఇస్తాండారా?" అన్నాడు.

"లేదు సుబ్బన్నా. నువ్వు జాలిపడి ఇచ్చింది తిరిగి ఇస్తున్నాను" అన్నాను.

"మరి మీవోళ్ళు?"

"వాళ్ళకి నేను చెప్పుకుంటాను."

"యల్లా సార్, సరే, రాండి" అన్నాడు.

బుజ్జిబాబుకు కోపం వస్తుంది. కొన్నాళ్ళు మాట్లాడడు. ఫోను లేని ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలియదు. మీరు వీలైనప్పుడు ఆదివారాలు పిలవండి, ఈసారి లైను కట్ చేయను.

రేపు ఆదివారం, ఇక్కడ పనిరోజే. ఉదయం ఆఫీసుకు వెళ్ళేముందు సబ్‌హాన్ వెళతాను. సుబ్బన్న గ్యారేజీ షట్టరు ఎత్తే వేళకు అక్కడ ఉంటాను. అక్కడి పనివాళ్ళ ముందే సంఘం ముద్ర, ఫోను అతని చేతిలో పెడతాను. ఏ నంబరుకు చేయాలో తిరుపాలమ్మకు అతని నోటితోనే చెప్పిస్తాను. ఆ తరువాత డ్యూటీకి వెళతాను.

మీ
భీమేశ్వరరావు